చిత్ర నుండి అరుంధతి వరకు: అంకితవలయాల చరిత్ర, దర్శనక్రమం

వివాహవేళ నూతన వధూవరులకు అరుంధతీ నక్షత్రాన్ని చూపడం మన గృహ్యసంప్రదాయం. ఆ నక్షత్రం సూక్ష్మకాంతి కలది. నేరుగా చూపితే కనుదృష్టికి అందదు. కనుక చూపేవాడు ముందు దాని సమీపంలోని స్థూలనక్షత్రాన్ని చూపి, అదే అరుంధతి అంటాడు. దృష్టి అక్కడ నిలిచిన తరువాత, అది కాదు, దాని ప్రక్కనున్న ఈ సూక్ష్మతార అరుంధతి అని చెబుతాడు. శాస్త్రంలో దీనికే స్థూలారుంధతీ న్యాయమని పేరు.

బ్రహ్మసూత్ర భాష్యంలోని ఈక్షత్యధికరణంలో శ్రీ శంకరభగవత్పాదులు ఈ దృష్టాంతాన్ని గ్రహించారు. ఛాందోగ్యంలోని సత్ శబ్దానికి సాంఖ్యుల ప్రధానం అర్థమై, అది కేవలం ఒక మెట్టుగా చెప్పబడినదైతే, అరుంధతిని చూపేవాడు స్థూలతారను నిరాకరించినట్లే శ్రుతి కూడా తరువాత దానిని నిరాకరించి ఉండేది. అట్టి నిరాకరణం లేదు కనుక సత్ అనగా బ్రహ్మమే అని ఆచార్యుల నిర్ణయం. తరువాతి వేదాంతులు ఇదే న్యాయాన్ని అన్నమయాది కోశాల విచారణకు విరివిగా అన్వయించారు.

ఈ న్యాయానికి ఆకాశంలోనే ఒక చరిత్ర కలదు. తెలిసిన తారను ఆధారంగా చేసుకొని తెలియని తారను చేరే విద్య సిద్ధాంతగ్రంథాలలో మొదలై, జయపురపు లోహవృత్తాల మీదుగా, ఈనాడు ప్రారంభదశలోని అభ్యాసి కొనుక్కునే చిన్న దూరదర్శిని వరకు వచ్చినది. ఆ దూరదర్శినిని మోసే ఈక్వటోరియల్ మౌంట్ మీద రెండు చిన్న వలయాలు ఉంటాయి. వాటిని సెట్టింగ్ సర్కిల్స్ అంటారు. అంకెలు చెక్కిన వలయాలు కనుక ఈ వ్యాసంలో వాటిని అంకితవలయాలని పిలుద్దాం. చాలామంది అభ్యాసకులు వాటిని అలంకారంగా భావించి వదిలివేస్తారు. వాటి వెనుక ఉన్న పరంపర తెలిస్తే అలా వదలబుద్ధి కాదు.

ఆకాశంలో స్థాననిర్ణయం

భూమి మీద ఒక గ్రామం ఎక్కడున్నదో చెప్పడానికి అక్షాంశ రేఖాంశాలు రెండు చాలు. ఆకాశంలో కూడా రెండు మానాలే కావలెను. ఆకాశగోళం మొత్తం తిరుగుతున్నట్లు కనిపించే ఇరుసు ఉత్తర దక్షిణ ధ్రువాల గుండా పోతున్నది. ఆ రెండు ధ్రువాలకు సమదూరంలో ఉన్న మహావృత్తం నాడీవలయం, అనగా విషువద్వృత్తం. ఒక తార ఆ వృత్తానికి ఉత్తరంగా గాని దక్షిణంగా గాని ఎన్ని అంశల దూరంలో ఉన్నదో చెప్పేది క్రాంతి. వసంత విషువస్థానం నుండి ఆ వృత్తం వెంట తూర్పుగా ఎంత దూరమో చెప్పేది విషువాంశ. ఆకాశం ఇరవైనాలుగు గంటలలో ఒక ఆవృత్తి పూర్తిచేస్తున్నట్లు కనిపిస్తుంది కనుక విషువాంశను గంటలలో, నిమిషాలలో చెప్పడం వాడుక. ఒక గంట పదిహేను అంశలకు సమానం.

మౌంట్ మీది రెండు వలయాలలో ఒకటి క్రాంతిని చూపుతుంది, రెండవది విషువాంశను చూపుతుంది. ఒక వలయం మీద అంశలు, మరొకదాని మీద 0 నుండి 24 వరకు గంటలు ఉండటానికి కారణం ఇదే.

గోళయంత్రం, ధ్రువకం

ఈ భావన మనకు క్రొత్తది కాదు. 499లో ఆర్యభటుడు గోళపాదంలో కొయ్యతో చేసిన, అంతటా సమానభారం గల గోళాన్ని వర్ణించి, పాదరసం, నూనె, నీరు సహాయంతో దానిని కాలానుగుణంగా తిప్పవలెనని చెప్పాడు. సూర్యసిద్ధాంతం గోళబంధానికి ఒక అధ్యాయాన్నే కేటాయించినది. వెదురుబద్దల వంటి వాటితో వృత్తాలు కట్టి, నడుమ భూగోళాన్ని నిలిపి, ధ్రువయష్టి చుట్టూ నాడీవలయ, క్రాంతివృత్తాలను అమర్చే విధానం అందులో కలదు. బ్రహ్మగుప్తుడు 628లోని బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలో యంత్రాధ్యాయాన్ని రచించాడు. 1150లో భాస్కరాచార్యుడు సిద్ధాంతశిరోమణిలో గోళం, నాడీవలయం, యష్టి, శంకువు, ఘటి, చక్రం, చాపం, తుర్యం, ఫలకం అనే యంత్రాలను చెప్పి, చివరకు ధీయంత్రాన్ని, అనగా బుద్ధినే యంత్రంగా పేర్కొని, దానికే అగ్రస్థానమిచ్చాడు.

సూర్యసిద్ధాంతం నక్షత్రస్థానాలను చెప్పిన తీరు ప్రత్యేకంగా గమనింపదగినది. ధ్రువం నుండి బయలుదేరి తార గుండా పోయే వృత్తాన్ని ఊహించాలి. ఆ వృత్తం క్రాంతివృత్తాన్ని ఎక్కడ ఖండిస్తుందో ఆ బిందువు యొక్క స్థానమే ఆ తార ధ్రువకం. అక్కడి నుండి ధ్రువవృత్తం వెంటనే కొలిచే తార దూరం విక్షేపం. యవనుల పద్ధతి క్రాంతివృత్తపు ధ్రువం నుండి కొలుస్తుంది. మన సిద్ధాంతకారులు ఆకాశపు ఇరుసునే ఆధారంగా తీసుకున్నారు. నేటి మౌంట్ కూడా అదే ఇరుసు చుట్టూ తిరుగుతుంది. సూర్యసిద్ధాంతం ప్రకారం చిత్రానక్షత్రపు ధ్రువకం సరిగా 180 అంశలు. భారత ప్రభుత్వపు పంచాంగ సంస్కరణ సంఘం 1955లో ఇచ్చిన నివేదికలో నిరయన గణనకు చిత్రనే ఆధారంగా గ్రహించినది. ఆ చిత్ర మళ్ళీ ఈ వ్యాసంలో మనకు ఆధారతార కాబోతున్నది.

జయపురపు చక్రయంత్రం

గ్రంథాలలోని గోళబంధం బోధనకు ఉపయోగించే నమూనా. ఆకాశాన్ని నేరుగా కొలవడానికి పెద్ద యంత్రాలను నిర్మించిన ఘనత మహారాజా సవాయీ జయసింహునిది. 1724లో ఢిల్లీలోను, తరువాతి దశాబ్దంలో జయపురం, ఉజ్జయిని, మధుర, వారణాసులలోను ఆయన వేధశాలలను నిర్మింపజేశాడు. ఆయన ఆస్థానంలోని జగన్నాథ సమ్రాట్టు టాలెమీ గ్రంథాన్ని అరబ్బీ నుండి సంస్కృతంలోకి తెచ్చాడు. శాస్త్రవిషయంలో మ్లేచ్ఛభాష అని తిరస్కరించకుండా మూడు నాలుగు పరంపరలను ఒకే ప్రాంగణంలో పోల్చిచూసిన రాజు జయసింహుడు.

జయపుర వేధశాలలో రెండు చక్రయంత్రాలు ఉన్నాయి. ఒక్కొక్కటి అంచున అంశలు చెక్కిన లోహవృత్తం. అది భూమి ఇరుసుకు సమాంతరమైన యష్టి మీద తిరుగుతుంది. వృత్తం మధ్యనున్న చూపుగొట్టం ద్వారా గ్రహాన్ని గాని తారను గాని చూస్తే, వృత్తపు అంచున క్రాంతి తెలుస్తుంది. యష్టి చివరనున్న పలక మీద నతకాలం, అనగా ఆ తార యామ్యోత్తరరేఖను దాటి ఎంత కాలమయినదో తెలుస్తుంది. కాచాలు లేకపోవడం తప్ప, నేటి ఈక్వటోరియల్ మౌంట్‌కు దీనికి తత్త్వతః భేదం లేదు. చిన్న దూరదర్శినితో అభ్యాసం మొదలుపెట్టిన వారు జయపురం వెళ్ళి చక్రయంత్రం ముందు నిలబడితే, తమ మౌంట్ మీది రెండు వలయాలను అక్కడే గుర్తుపట్టగలరు.

లోహం మీద సూక్ష్మరేఖలు

యూరోపులో ఈ వృత్తాలు రెండు కారణాల వల్ల సూక్ష్మమైనాయి. మొదటిది పియెర్ వెర్నియర్ 1631లో ప్రకటించిన ఉపమానదండం. ప్రధాన వలయం ప్రక్కన జారే చిన్న కొలబద్ద ద్వారా ఒక విభాగంలోని భాగాలను కూడా చదవగలిగే ఉపాయమిది. రెండవది లండనులో జెస్సీ రామ్స్‌డెన్ 1775 నాటికి సిద్ధపరచిన విభాజనయంత్రం. అంతకుముందు ప్రతి గీతనూ నిపుణుడు చేతితో గీయవలసి వచ్చేది. రామ్స్‌డెన్ యంత్రం వచ్చిన తరువాత చిన్న వలయాల మీద కూడా సమానమైన విభాగాలు త్వరగా చెక్కడం సాధ్యమైనది.

1824లో జోసెఫ్ ఫ్రౌన్‌హోఫర్ నిర్మించిన తొమ్మిది అంగుళాల దూరదర్శిని రష్యా సామ్రాజ్యంలోని డోర్పాట్‌కు, నేటి ఎస్టోనియాలోని టార్టుకు, చేరినది. ధ్రువయష్టి మీద ఒక ప్రక్క దూరదర్శిని, మరొక ప్రక్క ప్రతిభారం ఉండే జర్మన్ మౌంట్ దానితోనే ప్రసిద్ధమైనది. గడియారపు యంత్రం దానిని ఆకాశంతో పాటు తిప్పేది. అంకితవలయాలు దాని స్థానాన్ని చూపేవి. దానితో విల్హెల్మ్ స్ట్రూవె లక్షకు పైగా తారలను పరిశీలించి, 1827లో 3,112 యుగ్మతారల పట్టికను ప్రకటించాడు. ఈనాడు అంగడిలో దొరికే ప్రారంభకుల మౌంట్ రూపంలో ఆ డోర్పాట్ యంత్రానికి చిన్న ప్రతిబింబమే.

తెలుగువారి అంకితవలయాలు

ఈ విద్య తెలుగు దేశానికి దూరంగా ఉండిపోలేదు. మద్రాసు వేధశాల 1792లో స్వంత భవనంలో స్థిరపడినది. అక్కడ యంత్రాన్ని మోసిన శిలాస్తంభం మీది శాసనం లాటిన్‌తో పాటు తెలుగులో కూడా చెక్కబడి ఉన్నది. ఆ వేధశాలలో థామస్ టేలర్ 1844లో 11,015 తారల స్థానాలను ప్రకటించాడు. విశాఖపట్టణపు జమీందారు గోడె వెంకట జగ్గారావు మద్రాసులో టేలర్ వద్ద ఖగోళవిద్య నేర్చుకొని, తన ఊరిలోని డాబాగార్డెన్స్‌లో స్వంత వేధశాలను నెలకొల్పాడు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దానిని పెంపొందించి, 1874 డిసెంబరు 9న సూర్యబింబం మీదుగా శుక్రుడు సాగిన అపురూప సంక్రమణాన్ని విశాఖ నుండి పరిశీలించాడు.

మద్రాసు వేధశాలలోనే పనిచేసిన చింతామణి రఘునాథాచార్యులు 1867లో ఆర్ రెటిక్యులై అనే తార వెలుగు మారుతున్నదని కనుగొన్నారు. శాస్త్రసంప్రదాయంలో పెరిగిన ఆయన వలయాల మీద చదివిన అంకెలను పంచాంగానికి కూడా అన్వయించి దృగ్గణిత పంచాంగాన్ని ప్రకటించారు. హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఫిసల్‌బండ వద్ద నెలకొల్పిన వేధశాల 1908లో నిజాం ప్రభుత్వానికి సంక్రమించి నిజామియా వేధశాల అయినది. అంతర్జాతీయ ఆకాశచిత్రపటంలో దక్షిణక్రాంతి 17 నుండి 23 అంశల వరకు గల పట్టీని ఛాయాచిత్రాలలో బంధించే బాధ్యత ఈ వేధశాల స్వీకరించినది. ఒక్కొక్క ఫలకం ఆకాశంలో ఏ భాగానికి చెందినదో నిర్ణయించడానికి అక్కడివారు ఆధారపడినది క్రాంతి, విషువాంశల మీదనే.

శాస్త్రమా, దృష్టియా

ఇక్కడ భక్తులను కలవరపరచే ప్రశ్న ఒకటి తలెత్తుతుంది. ఋషిప్రోక్తమైన గణితం ఉండగా యంత్రంతో చూడటం ఎందుకు? యంత్రం వేరుగా చెబితే ఏది ప్రమాణం? ఇది పుస్తకాలకు పరిమితమైన చర్చ కాదు. దృగ్గణిత పంచాంగానికి, పూర్వపద్ధతి పంచాంగానికి తిథ్యంతంలో గంటల తేడా రావచ్చు. ఏకాదశీవ్రతం ఏ దినాన, పితృకార్యం ఏ దినాన అనే విషయంలో ఒకే ఇంటిలో రెండు అభిప్రాయాలు వచ్చేది ఈ కారణంగానే.

దీనికి సంప్రదాయమే సమాధానం చెప్పినది. కేరళదేశీయుడైన పరమేశ్వరుడు ఏబదియైదు సంవత్సరాలు గ్రహణాలను పరిశీలించి, 1431లో దృగ్గణితమనే గ్రంథాన్ని రచించాడు. గణితఫలం కంటికి కనిపించేదానితో సరిపోవలెననే దృక్సిద్ధి భావన సిద్ధాంతకారులది, పాశ్చాత్యుల నుండి అరువు తెచ్చుకున్నది కాదు. ఉత్కళదేశంలోని ఖండపడాకు చెందిన సామంత చంద్రశేఖరుడు (1835–1904) దూరదర్శిని లేకుండానే, రెండు కర్రలను అడ్డంగా కలిపి స్వయంగా చేసుకున్న మానయంత్రంతో దశాబ్దాల పాటు ఆకాశాన్ని కొలిచాడు. చంద్రగతిలో పూర్వసిద్ధాంతాలు పూర్తిగా పట్టుకోని సంస్కారాలను స్వయంగా గుర్తించి సిద్ధాంతదర్పణంలో చేర్చాడు. పరమభక్తుడైన ఆ పండితుని గణితాన్ని పూరీ జగన్నాథక్షేత్రపు కార్యనిర్ణయానికి గ్రహించారు. దేవాలయం ఒక పరిశీలకుని కంటిచూపును స్వీకరించినది. దానివల్ల శాస్త్రానికి లోపం రాలేదు. శాస్త్రం తన స్వధర్మాన్నే నెరవేర్చినది.

ధర్మబ్రహ్మవిషయాలలో శబ్దం ప్రమాణం. చంద్రుడు ఎక్కడున్నాడనే విషయంలో ప్రత్యక్షం ప్రమాణం. ఒక ప్రమాణపు అధికారక్షేత్రంలోకి మరొకదానిని తీసుకురాకూడదని మీమాంసకులు, వేదాంతులు అంగీకరించిన మాటే. అంకితవలయం మీద చదివే అంకె ఈ రెండవ క్షేత్రానికి చెందినది. దానిని ఆ మేరకు గౌరవించవలెను.

అభ్యాసం: చిత్ర మీదుగా అరుంధతి

ఇప్పుడు క్రియాభాగం. స్థూలారుంధతీ న్యాయాన్ని వలయాలతో ఆచరించడానికి మన కాలానికి ఒక అపురూపమైన అనుకూలత లభించినది. 2000 సంవత్సరపు గణన ప్రకారం చిత్ర విషువాంశ 13 గంటల 25 నిమిషాల 12 సెకండ్లు, క్రాంతి దక్షిణం 11 అంశల 10 కలలు. అరుంధతి విషువాంశ 13 గంటల 25 నిమిషాల 14 సెకండ్లు, క్రాంతి ఉత్తరం 54 అంశల 59 కలలు. అనగా రెండూ దాదాపు ఒకే ధ్రువవృత్తం మీద ఉన్నాయి. చిత్రకు ఉత్తరంగా 66 అంశల 9 కలలు కదిలితే అరుంధతి. సూర్యసిద్ధాంతపు భాషలో చెప్పవలెనంటే ఈనాడు ఈ రెండు తారలకు ధ్రువకం ఒక్కటే.

ముందు ధ్రువయష్టిని నిలపవలెను. పగటిపూట మేడ మీద సమతలం చూసి ఒక వృత్తం గీచి, మధ్యలో శంకువు నాటాలి. ఉదయం నీడ చివర వృత్తాన్ని తాకి లోపలికి పోయే బిందువును, మధ్యాహ్నం తరువాత బయటకు వచ్చే బిందువును గుర్తించాలి. రెండింటిని కలిపే రేఖ తూర్పుపడమరలు, దానికి లంబం ఉత్తరదక్షిణాలు. సూర్యసిద్ధాంతం త్రిప్రశ్నాధికారం ఈ విధితోనే మొదలవుతుంది. రాత్రి ఆ రేఖ మీద త్రిపాదిని సమంగా ఉంచి, ధ్రువయష్టిని ఉత్తరానికి తిప్పి, స్థానిక అక్షాంశమంత ఎత్తుకు లేపాలి. హైదరాబాదులో అది 17 అంశలకు కొద్దిగా పైన, తిరుపతిలో సుమారు 13 అంశల 38 కలలు. మన ప్రాంతంలో ధ్రువతార అంత దిగువన ఉండి తరచు భవనాల చాటున, ధూళిలో మరుగవుతుంది. అందువల్ల ఈ శంకువిధి ఈనాటికీ సార్థకం.

తరువాత క్రాంతివలయాన్ని పరీక్షించాలి. దూరదర్శిని గొట్టం ధ్రువయష్టికి సమాంతరంగా ఉన్నప్పుడు అది 90 చూపాలి. అలా చూపేట్లు ఒకసారి సవరిస్తే దాదాపు స్థిరంగా ఉంటుంది. విషువాంశవలయం స్వభావం వేరు. ఆకాశం నిరంతరం కదులుతుంది కనుక ఆ వలయం దానంతట అది సత్యం చెప్పలేదు. తెలిసిన తారతో ప్రతిసారీ దానికి సత్యాన్ని తెలుపవలెను.

విధానమిది. అతితక్కువ వృద్ధి గల, విశాలక్షేత్రమున్న ఐపీస్ పెట్టి చిత్రను క్షేత్రమధ్యంలోకి తేవాలి. బిగింపులు బిగించి, విషువాంశవలయాన్ని మాత్రం చేతితో తిప్పి సూచిక క్రిందికి 13 గంటల 25 నిమిషాలు వచ్చేట్లు చేయాలి. వలయం మీద రెండు వరుసల అంకెలుంటే ఉత్తరగోళానికి చెందిన వరుసను చదవాలి. అప్పుడు క్రాంతివలయం 11 అంశలు దక్షిణం అని చూపుతున్నదో లేదో గమనించాలి. ఒక అంశ తేడా ఉంటే, లక్ష్యాన్ని చేరేటప్పుడు కూడా ఆ తేడాను అదే దిక్కుగా లెక్కలోకి తీసుకోవాలి. చిన్న మౌంట్ల వలయాల మీద సాధారణంగా అంశకొక గీత ఉండదు, గీతల నడుమ ఊహించి చదవవలసి ఉంటుంది. ఇప్పుడు విషువాంశ బిగింపును తాకకుండా, క్రాంతి బిగింపును వదులుచేసి, గొట్టాన్ని ఉత్తరంగా 55 వరకు తిప్పాలి.

జాప్యం చేయరాదు. మోటారు లేని మౌంట్ నిశ్చలంగా ఉన్నా ఆకాశం నాలుగు నిమిషాలకు ఒక అంశ చొప్పున ఇరుసు చుట్టూ తిరుగుతుంది. వైశాఖమాసంలో రాత్రి పది గంటల ప్రాంతంలో ఈ రెండు తారలు యామ్యోత్తరరేఖ మీదికి వస్తాయి. హైదరాబాదులో అప్పుడు చిత్ర దక్షిణంగా 61 అంశల ఎత్తున, అరుంధతి ఉత్తరంగా 52 అంశల ఎత్తున ఉంటాయి. మన నెత్తి మీదుగా ఒకే రేఖ.

ఐపీస్‌లో చూస్తే వసిష్ఠుడు, అరుంధతి ఇద్దరూ ఒకే క్షేత్రంలో కనిపిస్తారు. వారి నడుమ దూరం సుమారు 12 కలలు మాత్రమే. తగినంత వృద్ధి గల ఐపీస్‌తో శ్రద్ధగా చూస్తే వసిష్ఠతార కూడా రెండుగా విడిపోతుంది. 1617లో కాస్టెల్లి ప్రేరణతో గెలీలియో దీనిని పరిశీలించాడు. 1889లో ఆ రెండింటిలో ప్రకాశవంతమైనది కూడా యుగ్మమేనని పికరింగ్ వర్ణపటం ద్వారా నిర్ణయించాడు. స్థూలం వెనుక సూక్ష్మం, సూక్ష్మం వెనుక సూక్ష్మతరం. దృష్టాంతం ఎంత లోతైనదో దృష్టాంతపు తారలే చూపుతున్నాయి.

మొదటి ప్రయత్నంలో క్షేత్రంలో ఏమీ కనిపించకపోవచ్చు. యష్టి కొద్దిగా తప్పినా, గొట్టం క్రాంతి ఇరుసుకు లంబంగా లేకపోయినా, 66 అంశల పయనంలో ఆ లోపం పెరుగుతుంది. అప్పుడు చుట్టుప్రక్కల నెమ్మదిగా వెదకాలి. వలయం సాధకుని వాకిలి వరకు తెస్తుంది. లోపలికి అడుగుపెట్టవలసినది చూపే.

ధ్రువచలనం

పైన 2000 సంవత్సరపు గణన అని చెప్పడానికి కారణం కలదు. భూమి ఇరుసు సుమారు 26,000 సంవత్సరాలకు ఒక ఆవృత్తిగా మెల్లగా తిరుగుతున్నది. అయనచలనం వల్ల ప్రతి తార విషువాంశ, క్రాంతులు మారుతుంటాయి. చిత్ర, అరుంధతుల విషువాంశల మధ్య తేడా శతాబ్దానికి ఒక నిమిషానికి కొద్దిగా పైగా పెరుగుతుంది. ఈ సమరేఖాస్థితి మన కాలానికి దక్కిన వరం. భావితరాలకు ఉండదు.

ధ్రువతార సంగతి ఇంకా తీవ్రమైనది. ఇప్పుడది నిజ ధ్రువస్థానానికి ముప్పావు అంశలోపు దూరంలో ఉన్నది. ఆర్యభటుని కాలంలో అదే తార ధ్రువానికి అనేక అంశల దూరంలో ఉండేది. క్రీస్తుపూర్వం 2800 ప్రాంతంలో డ్రాకో రాశిలోని తుబాన్ ధ్రువసమీపంలో ఉన్నది. సుమారు పన్నెండువేల సంవత్సరాల తరువాత అభిజిత్తు ఆ ప్రాంతానికి వస్తుంది. మరి కల్పాంతం వరకు నిలిచే పదాన్ని పొందిన ధ్రువుని కథ ఏమవుతుంది? ధ్రువచరిత్రను నిత్యం పారాయణం చేసే భక్తునికి ఈ ప్రశ్న గుచ్చుకుంటుంది. దానిని దాటవేయడం విచారమార్గం కాదు.

దీనికి ఉపనిషత్తే దారి చూపినది. మైత్రాయణీయోపనిషత్తులో రాజ్యం విడిచి వనానికి వచ్చిన బృహద్రథ మహారాజు శాకాయన్య మునితో తన వైరాగ్యకారణాలను చెబుతాడు. సముద్రాలు ఎండిపోతాయి, పర్వతాలు కూలిపోతాయి, ధ్రువుడు కూడా చలిస్తాడు, ఇట్టి సంసారంలో భోగాలతో ఏమి ప్రయోజనమని ఆయన ప్రశ్న. తారారూపమైన ధ్రువం చలిస్తుందనే మాట దూరదర్శిని వచ్చి మనకు క్రొత్తగా చెప్పినది కాదు. ఉపనిషద్వక్త దానిని వైరాగ్యానికి హేతువుగానే గ్రహించాడు.

పురాణం చెప్పిన ధ్రువపదం ఒక స్థానం, ఒక పదవి. దానికి దీపంగా నిలిచే తార యుగానికొకటి మారవచ్చు. కొన్ని కాలాలలో ఆ స్థానంలో ప్రకాశవంతమైన తారయే లేదు. అయినా ఆకాశం దాని చుట్టూ ప్రదక్షిణం చేస్తూనే ఉన్నది. తారను పదమని భ్రమించడం స్థూలతారను అరుంధతి అనుకొని ఆగిపోవడం వంటిది. బాలధ్రువుడు తండ్రి అంకం నుండి త్రోసివేయబడి బయలుదేరినది ఒక నక్షత్రం కోసం కాదు కదా. నారాయణదర్శనం లభించిన తరువాత తాను కోరిన స్థానం అల్పమని పశ్చాత్తపించినట్లు భాగవతం చతుర్థస్కంధం చెబుతున్నది.

ఉపదేశం

అంకితవలయం సాధకునికి నేర్పేవి మూడు. మొదటిది, యష్టి సరిగా నిలవకుండా అంకెలు ఎంత చదివినా ఫలం లేదు. చిత్తస్థైర్యం లేని శాస్త్రపఠనం వంటిదే అది. రెండవది, తెలిసినదానితో సరిచూసుకోనిదే వలయం మీది సంఖ్యకు అర్థం లేదు. తత్త్వం తెలిసిన గురువు సాన్నిధ్యంలో శిష్యుడు తన బుద్ధిని సరిచూసుకున్నట్లు, వలయం చిత్రతో తనను సరిచూసుకుంటుంది. ఆకాశం కదులుతూనే ఉంటుంది కనుక ఒకసారి చేసిన సవరణ ఎల్లకాలం చాలదు. మూడవది, సంఖ్య దర్శనం కాదు. యాభైనాలుగు అంశల యాభైతొమ్మిది కలలు అని కంఠస్థం చేసినవాడు అరుంధతిని చూసినవాడు కాడు. అయినా ఆ సంఖ్య లేనిదే చీకటి ఆకాశంలో చూపు దారి తప్పుతుంది. శ్రవణమననాలు నిదిధ్యాసనానికి చేసే ఉపకారం ఇదే రీతిది.

భాస్కరాచార్యుడు యంత్రాలన్నీ చెప్పి చివరకు ధీయంత్రాన్ని నిలపడంలోని ఆంతర్యం ఇక్కడ స్ఫురిస్తుంది. కొయ్యగోళమైనా, జయపురపు లోహచక్రమైనా, మేడ మీది చిన్న మౌంట్ అయినా, చదివేది బుద్ధియే. ఆ బుద్ధిని ప్రకాశింపజేసేదాని క్రాంతి ఎంత, విషువాంశ ఎంత అని ఏ వలయం మీద చదవగలం? చూడబడే తారలన్నిటికీ స్థానం ఉన్నది. చూచువానిని ఏ పట్టికలో చేర్చగలమన్న విచారణ వైశాఖరాత్రిలో అరుంధతిని చూచిన తరువాత మొదలైనా, అది శుభారంభమే.

స్వస్తి.